పర్మిట్ రూమ్‌లో నా పేరు

ఆ గురువారం నన్ను బ్రూవరీకి, అక్కడే బీరు తయారుచేసి పోసే హోటలుకు, పిలిచారు. మర్యాదగానే పిలిచారు. కొత్తగా టీమ్ లీడ్ అయిన మనిషి ఇస్తున్న దావత్, మధ్యాహ్నం భోజనం, తొమ్మిది మందిమీ రావాలి. ఆ లీడ్ పోస్టు నాకు వస్తుందని ఏడాదిగా అనుకుంటున్నాను. వచ్చింది మాత్రం నా పక్క సీటులో పదకొండేళ్లుగా కూర్చున్న అతనికి. అతణ్ని నేను తమ్ముడూ అనేదాన్ని, అతను నన్ను అక్కా అనేవాడు. అయినా వెళ్లాను. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. ఇద్దరం వరసలో ఉన్నాం, అతనికి దక్కింది. ఓడిపోయినందుకు మొహం చాటేసే రకాన్ని కాను.

మా ఆఫీసుల్లో బ్రూవరీ అనేది ఆడవాళ్లను కూడా పిలవడానికి వాడే మాట. పబ్ అంటే పెళ్లయినవాళ్లు ఇంట్లో చెప్పడానికి జంకుతారు. లౌంజ్ అంటే అక్కడి మసక దీపాలు గుర్తొస్తాయి. బార్ అండ్ రెస్టారెంట్ అంటే పై అంతస్తులో ఫ్యామిలీ సెక్షన్ ఉందా అని ఫోన్ చేసి కనుక్కోవాలి. వైన్స్ అంటే ఇనుప జాలీ ముందు మగవాళ్లు చేతులు చాచి నిలబడే చోటు, మేము అవతలి ఫుట్‌పాత్ ఎక్కి దాటిపోయే చోటు. దాన్ని ఆనుకుని ఉండే రేకుల షెడ్డు పర్మిట్ రూమ్. సీసా జాలీ దగ్గర కొనుక్కుని ఆ షెడ్డులో నిలబడి తాగుతారు. నేను చుక్క ముట్టను. అయినా ఈ మాటలన్నీ నాకు నోటికి వచ్చు. ఎక్కడికి రమ్మంటారో, ఎక్కడికి వద్దంటారో ఈ మాటలను బట్టే తెలుస్తుంది మరి.

మా అమ్మమ్మకు ఈ చిక్కు లేదు. ఆమె పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ మాదాపూర్ మేడలకే ఇసుక మోసింది. పని దిగాక తోటి ఆడవాళ్లతో బోరబండలో కల్లు కాంపౌండ్‌కు పోయేది. చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు నన్నూ వెంట తీసుకుపోయింది. ఆడా మగా అందరూ నేల మీదే కూర్చుని, సీసాలు ముందు పెట్టుకుని, ఆకులో ఉడకబెట్టిన శనగ గుడాలు తింటూ కష్టం సుఖం మాట్లాడుకునేవారు. ఏ మేస్త్రీ కూలీ సరిగ్గా ఇస్తాడో, ఎవడి చేతులు ఊరుకోవో అమ్మమ్మ అక్కడే తెలుసుకునేది. కాంపౌండ్ అంటే కల్లు తాగే చోటేనని నాకు గట్టి నమ్మకం. బడిలో చేరిన కొత్తలో టీచరమ్మ “స్కూల్ కాంపౌండ్ దాటి పోవద్దు” అంటే నేను పకపకా నవ్వి దెబ్బలు తిన్నాను.

అమ్మమ్మ మోసిన ఇసుకతో కట్టిన మేడల్లోనే నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. మా టీమ్‌లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆఫీసు సంగతులు తేలే చోటుకు మాత్రం నాకు దారి లేదు.

మా దగ్గర శుక్రవారం ఐదున్నర దాటితే సిట్టింగ్. పేరుకు సిట్టింగ్, కూర్చునేవాళ్లు ఎవరూ లేరు. ఆఫీసు వెనక సందులో ఉన్న పర్మిట్ రూమ్‌లో మా మేనేజరు, టీమ్‌లోని మగవాళ్లు గోడకు ఆనించిన బల్ల చుట్టూ నిలబడతారు. మేనేజరు తలచుకుంటే ఏ పబ్‌కైనా పోగలడు. “పబ్బుల పాటలకు చెవులు పోతయ్. బార్ల వెయిటర్ పక్కనే నిలవడుతడు. గీడైతే మనిషి మాట మనిషికి ఇనొస్తది” అంటాడు. ఎవరికి ఏ రేటింగ్, ఎవరు ఆన్‌సైట్‌కు విదేశం పోవాలి, ఎవరి సెలవు ఆపాలి, అన్నీ అక్కడే తేలతాయి. సోమవారం మీటింగ్‌లో వాటిని చదివి వినిపించడమే మిగులుతుంది.

ఆ శుక్రవారం మాటలు నాకు చేరవేసేది తమ్ముడే. సోమవారం పొద్దున మెట్రో పిల్లర్ కింది టీ బండి దగ్గర నాకు పూస గుచ్చినట్టు చెప్పేవాడు. “అక్కా, మొన్న బ్రాందీ షాపులో మీ సెలవు మాట వచ్చిందండి, నేను సర్ది చెప్పాను” అనేవాడు. అతను కోస్తా మనిషి, వైన్స్ అనడం అలవాటు కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మేమందరం బ్రాందీ షాపు అని వెక్కిరిస్తే తనూ నవ్వేవాడు. ఇది కూడా దాచను, ఆ ఏర్పాటు నాకు పనికొచ్చింది. నేను పోలేని చోట నా తరఫున ఒక మనిషి ఉన్నాడనుకున్నాను. ఆ చోటు ఉండనే కూడదని ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. మిగతా అన్నిటి గురించీ విప్పాను. ఏడేళ్ల కిందట నేను పట్టుకున్న పెద్ద తప్పుకు ఇంకొకరిని మెచ్చుకుంటూ వచ్చిన మెయిలు ఇప్పటికీ నా దగ్గరుంది. మూడేళ్ల కిందటి గ్రూప్ ఫొటోలో నన్ను సగానికి కోసి గోడకు తగిలించింది ఎవరో కూడా గుర్తుంది. దీని గురించి మాత్రం మాట్లాడలేదు.

అతను ఈ ఊరికి ఒక్క బ్యాగుతో వచ్చాడు. గది దొరక్క తిరుగుతుంటే మా నాన్నే బోరబండలో మా సందుకు రెండు సందుల అవతల కిరాయి గది చూపించాడు. నాన్న అప్పట్లో ఒక టవర్ దగ్గర సెక్యూరిటీ గార్డు. ఆ మొదటి వానాకాలం తమ్ముడికి టైఫాయిడ్ వస్తే పదిహేను రోజులు మా అమ్మ గంజి కాచి పంపింది, నాన్న తీసుకుపోయి తాగించి వచ్చేవాడు. తర్వాత పెళ్లి చేసుకుని కూకట్‌పల్లి మారిపోయాడు. అయినా మాటకు ముందు “మీ ఇంట్లో అన్నం తిన్నవాణ్నండి నేను” అనేవాడు. అతను అన్న మాట కాబట్టి రాస్తున్నాను, ఎత్తిపొడవడానికి కాదు. ఎత్తిపొడవడానికే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఈ ఏడాది మొదట్లో నాన్నకు డయాలసిస్ మొదలైంది. సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం ఆరింటికి. దవాఖానలో ఆ వేళ తప్ప ఖాళీ లేదన్నారు. అమ్మకు మెట్లు ఎక్కే ఓపిక లేదు. డ్రైవరుగా పనిచేసే మా అన్న నిజామాబాద్‌లో ఉన్నాడు, మూడు నెలల్లో ఇక్కడికి వచ్చేస్తానన్నాడు. అప్పటిదాకా నేను ఐదున్నరకల్లా బయల్దేరాలి. లీడ్ అయినవాళ్లకు సోమ, బుధవారాల్లో సాయంత్రం ఆరున్నరకు అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది. నా దిగులంతా అదే.

ఒక సోమవారం టీ బండి దగ్గర ఈ సంగతి తమ్ముడికి చెప్పాను. ఆఫీసులో ఇంకెవరికీ చెప్పలేదు.

“మూడు నెలలే తమ్ముడూ. అన్న వస్తే ఇగ ఫికర్ లేదు. అప్పటిదాంక కాల్ దవాఖానల కూసొనే తీసుకుంట, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. సార్‌కు నేనే చెప్త, రివ్యూల. నువ్వు ముందుగాల అనకు.”

“నా నోటి నుంచి రాదక్కా. మీరు నిశ్చింతగా ఉండండి. మీ పేరు నేనే చెప్తాను కూడా.”

రెండు వారాల తర్వాత సోమవారం మీటింగ్‌లో మేనేజరు లీడ్ పేరు చదివాడు. ఏడాది పని గురించి సార్‌తో మాట్లాడే నా రివ్యూకు ఇంకా నాలుగు రోజులుంది. తమ్ముడు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి వెళ్లి చేయి కలిపాను. “అంతా మీ ఆశీర్వాదం అక్కా” అన్నాడు. ఆ రోజు టీకి రాలేదు, పని ఉందన్నాడు. అతనికి కొత్త పోస్టు, పని ఉండదా అనుకున్నాను.

ఇక బ్రూవరీ సంగతి. పెద్ద పెద్ద రాగి పీపాలు అద్దాల వెనక మెరుస్తున్నాయి, పొడుగు బల్ల మీద అందరి ముందూ గ్లాసులున్నాయి. నా ముందు నిమ్మకాయ సోడా. పక్కన కూర్చున్నది మా డెవలపర్లలో ఒకడు, కరీంనగర్ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, మనసులో ఏదీ దాచుకోలేనివాడు. రెండో గ్లాసు అయ్యేసరికి నా వైపు తిరిగాడు.

“అక్కా, నిజం చెప్పాలె. ఇసొంటి తమ్ముడు ఎవ్వలికి దొరకడు. ఆ రోజు నీ గురించి మాట్లాడుకుంట కండ్లల్ల నీళ్లు వెట్టుకుండు తెలుసా?”

“ఏ రోజు?”

“గదే, లీడ్ ఎవలని సార్ అడిగిన శుక్రారం. సార్ ముందుగాల నీ పేరే తీసిండు. మేమందరం సరే అన్నం. ఇగ గీయన గ్లాస్ పక్కకు వెట్టి, ‘వద్దండి సార్, ఆవిడ నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఐదున్నరకే పరిగెత్తాలి, పాపం ఆవిడ మీద ఇంకో బరువు పెట్టకండి’ అని గొంతు బొంగురు వోయింది. మాకు గూడ పాపమనిపించింది. సార్ గూడ ‘అయ్యో, గట్లనా’ అన్నడు. అన్నట్టు నాయిన ఎట్లున్నడు అక్కా ఇప్పుడు?”

అతను దీన్ని పొగడ్తగానే చెప్పాడు. ఆ బల్ల చుట్టూ ఉన్న అందరూ దాన్ని అలాగే దాచుకున్నారని అప్పుడు అర్థమైంది. ఈ మధ్య వాళ్లు నా వైపు కొంచెం మెత్తగా చూడడం, నేను బ్యాగు సర్దుకుంటుంటే “పోండి మేడమ్, పోండి” అనడం, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. నా పేరు అడగకుండానే వచ్చింది, సరే అన్నారు కూడా. దాన్ని వెనక్కి తీయించింది నా మనిషే.

లేచి బల్ల ఆ చివరకు పోయాను. తమ్ముడు అందరికీ పిజ్జా ముక్కలు వడ్డిస్తున్నాడు.

“నాయిన సంగతి సార్‌కు చెప్పినవా?”

చేతిలో ముక్క అలాగే ఉంది. “ఇప్పుడా అక్కా? అందరూ ఉన్నారు. మీ మంచికేనండి.”

“మూడు నెలలే అని చెప్పినవా? కాల్ దవాఖాన నుంచి తీసుకుంట అన్న, అది చెప్పినవా?”

అతను ఆ ముక్కను పక్కవాడి ప్లేటులో పెట్టాడు. మేనేజరు “ఏంది మేడమ్, ఇంకో సోడా చెప్పనా?” అన్నాడు. నేను బ్యాగు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు రాశాను. మూడు పేజీలు. హెచ్‌ఆర్‌లో ఉన్న అమ్మాయి ఈ ఊరు వచ్చి ఏడాది కూడా కాలేదు, ఓపికగానే చదివింది.

“మేడమ్, ఇది ఆఫీస్ ప్రెమిసెస్‌లో జరగలేదు కదా?”

“లీడ్ పోస్ట్ ఆఫీసుదే గదమ్మా.”

“ఆ డెసిషన్ మండే మీటింగ్‌లో అయింది, మినిట్స్ ఉన్నాయి. ఫ్రైడే జరిగిన ప్లేస్ ఏమని రాయను? పబ్ అని పెట్టనా?”

“పబ్ కాదు. పర్మిట్ రూమ్.”

“అంటే?”

చెప్పాను. వైన్స్ పక్కన రేకుల షెడ్డు, నిలబడి తాగే చోటు, ఆడవాళ్లు పోరు. “అక్కడ రేటింగ్స్ డిస్కస్ చేస్తారా?” అని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపి కీబోర్డు వైపు వంగింది. తెర నా వైపు తిప్పి చూపించినప్పుడు అక్కడ ‘ఇన్ఫార్మల్ గ్యాదరింగ్’ అని ఉంది. ఎనిమిది మంది మగవాళ్లు ఏళ్ల తరబడి నిలబడిన షెడ్డు ఆ రెండు మాటలతో మాయమైపోయింది. మార్చమన్నాను. ఫారంలో అలాంటి ఆప్షన్ లేదంది. “మీరిద్దరూ ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకుంటే బెటర్ కదా మేడమ్” అని నీళ్లు ఇచ్చింది.

ఆ సాయంత్రమే తమ్ముడి మెసేజ్ వచ్చింది. గురువారం ఆరింటికి కాఫీ షాపులో కలుద్దామని, అన్నీ వివరంగా చెబుతానని. గురువారం నాన్నకు డయాలసిస్ లేదని అతనికి బాగా తెలుసు. కాఫీ షాపు వద్దు, పర్మిట్ రూమ్‌కు రమ్మన్నాను. వెంటనే ఫోన్ చేశాడు.

“అక్కా, అక్కడికి మీరు రాకూడదండి. మగాళ్లు ఒకలాగా చూస్తారు. మీ పరువు ఏం కావాలి?”

“నా ఇంటి సంగతి నాకన్న ముందే ఆడికి వోయింది గద. నేను వోతే ఏమైతది?”

గురువారం ఆరింటికి ఆ సందులోకి నడిచాను. జాలీ ముందున్నవాళ్లు దారి ఇచ్చారు, నేను దారి తప్పి వచ్చాననుకుని. కౌంటర్ మనిషి తల బయటపెట్టాడు.

“ఏం కావాలమ్మా? పార్సలైతే గీడనే ఇస్త.”

“ఏం వద్దన్నా. లోపల ఒకలతోని మాట్లాడాలె.”

“లోపల ఫ్యామిలీ సెక్షన్ లేదమ్మా.”

“నాకు అది వద్దు.”

లోపల ఉడకబెట్టిన గుడ్ల వాసన, కాలి కింద చిట్లే ప్లాస్టిక్ గ్లాసులు. పది పన్నెండు మంది ఉన్నారు. ఒకాయన గ్లాసును ఒంటి చాటుకు తీసుకున్నాడు, బడిలో పిల్లవాడిలా. చొక్కా నిండా పెయింట్ మరకలున్న ఇంకొకాయన గోడ పక్క చోటు చేశాడు. “రా అక్కా, ఈడ నిలవడు. జర జరుగుర్రి భాయ్” అని పక్కవాళ్లను నెట్టాడు. వెంటనే, “మీ ఆయన కోసమైతే నేను చూడలే, ముందే చెప్తున్న” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇన్నేళ్లు నన్ను దూరంగా ఉంచిన చోటు ఇంతేనా అనిపించింది. నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, గోడకు ఒక టీవీ. మేము టీ తాగే బండి ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది.

తమ్ముడు ఆరూ ఇరవైకి వచ్చాడు. హెల్మెట్ తీయలేదు. గడప దగ్గరే ఆగిపోయాడు.

“బయటికి రండి అక్కా, ప్లీజ్.”

“ఏ బల్ల కాడ చెప్పినవ్?”

“అక్కా…”

“లోపలికి రా భయ్యా, గడపల నిలవడి గుసగుసలేంది” అన్నాడు పెయింట్ చొక్కా ఆయన. తమ్ముడు ఒక్క అడుగు లోపలికి వేశాడు.

“నేను చెప్పకపోతే ఇంకొకరు చెప్పేవారండి.”

“ఇంకెవ్వలికి నేను చెప్పలే తమ్ముడూ. నీకొక్కనికే చెప్పిన.”

అతను హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఇలాగే ఉండేది అతని మొహం. నాకు అది గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

“సగం చెప్పినవ్. మిగతా సగం గూడ సార్‌కు చెప్పు. మూడు నెలలే అని, కాల్ నేను తీసుకుంట అన్నానని. గీడనే, రేపు శుక్రారం, అందరి ముంగట చెప్పు. తర్వాత నిన్నే ఉంచుతరో, నన్ను పెడ్తరో, నేను అడగ.”

టీవీ వైపు చూస్తూనే చెప్పాడు.

“ఇప్పుడు చెబితే నేను అబద్ధాలకోరునవుతానండి. మా ఆవిడ వాళ్ల ఊరంతా చెప్పేసింది, మా మామగారు స్వీట్లు పంచారు. మీరు పెద్ద మనసున్నవారు, మీకు తర్వాతైనా వస్తుంది. నాకు ఇదొక్కటే అవకాశం అక్కా. మీకన్నా నేను బాగా పని చేస్తానని ఎవరూ అనుకోరని నాకు తెలుసండి.”

అతను నాతో అన్న వాటిలో నిజం ఆ చివరి మాట ఒక్కటే. అంత నిజం చెప్పగలిగినవాడు పర్మిట్ రూమ్‌లో ఎందుకు కన్నీళ్లు పెట్టుకున్నాడు? అక్కడా ఇదే చెప్పి ఉండవచ్చు కదా. నాకీ పోస్టు కావాలి, ఆమెకు ఇవ్వకండి అని. అలా అని ఉంటే నేను కొట్లాడేదాన్ని, ఓడేదాన్ని, అతనితో టీ తాగడం మాత్రం మానేదాన్ని కాదు.

“సారీ అక్కా” అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తర్వాత హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. పెయింట్ చొక్కా ఆయన నా ముందుకు నీళ్ల బాటిల్ జరిపాడు.

ఆ శుక్రవారం అతను ఏమీ చెప్పలేదని కరీంనగర్ మనిషి ఫోన్ చేసి చెప్పాడు. ఆ డెవలపర్‌కు ఇప్పుడు నా మొహం చూడాలంటే భయం, పాపం. పొగిడి చెడగొట్టానని బాధపడుతున్నాడు. అతని మీద నాకు కోపం లేదు, నాకు జరిగిన అన్యాయాలని నేను రాసుకునే లెక్కలో కూడా అతను లేడు.

సోమవారం వేరే టీమ్‌కు మార్చమని అర్జీ పెట్టాను. కారణం అనే చోట జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాల్లో రాశాను. నా కుటుంబ ఆరోగ్య విషయాన్ని నా అనుమతి లేకుండా, సగం దాచి, ఆఫీసు వెనక పర్మిట్ రూమ్‌లో చెప్పి నా పదోన్నతి ఆపారని. మేనేజరు క్యాబిన్‌లోకి పిలిచాడు.

“మేడమ్, మీరు పోతా అంటే నేను ఆప. గీ పర్మిట్ రూమ్ గీవన్నీ ఎందుకు? ‘పర్సనల్ రీజన్స్’ అని ఒక్క ముక్క రాయుర్రి, ఇప్పుడే అప్రూవ్ చేస్త.”

“పర్సనల్ సంగతి మీకు చెప్పింది నేను కాదు సార్.”

అర్జీ తిరిగొచ్చింది. అదే రాతతో మళ్లీ పంపాను. అదీ తిరిగొచ్చింది, మూడోదీ అంతే. మా అన్న మూడు నెలలకు చెప్పినట్టే వచ్చేశాడు, నాన్నను ఇప్పుడు వాడే తీసుకుపోతున్నాడు. నాకు సాయంత్రాలన్నీ ఖాళీ. పక్క సీటులో తమ్ముడు ఆరున్నర కాల్ మాట్లాడుతుంటే ఒక్కో మాటా నాకు వినిపిస్తుంది. టెస్టింగ్ గురించి అడిగితే తడబడతాడు, నా వైపు చూస్తాడు. నేను నా తెర వైపే చూస్తాను. ఆదివారం నాన్న “ఆ పిలగాడు మంచిగున్నడా బిడ్డా? వచ్చి శానా రోజులాయె” అని అడిగితే మంచిగున్నాడనే చెప్పాను. ఆ ఒక్క అబద్ధం నాన్న కోసం. అర్జీలో మాత్రం అక్షరం మార్చలేదు. నిన్న నాలుగోసారి పంపాను.